పునాది బీటలు: మూడు అంచనాలూ ఒక వేపచెట్టూ

ఇల్లూ వాకిలీ – పాఠకుల ప్రశ్నలు, ఇంజనీరు సమాధానాలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి, 2003లో వేళచ్చేరిలో ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అయిదు అడుగుల వెడల్పుతో ఇల్లు కట్టుకున్నాం. తరవాత పైన ఒక అంతస్తు వేశాం. నాలుగేళ్లుగా ఆగ్నేయ మూల దగ్గర ప్లింత్ బీము (పునాది మీద, గోడల అడుగున ఇంటి చుట్టూ ఉండే కాంక్రీటు దూలం) మూడుచోట్ల నిలువునా చిట్లింది. బీము వెడల్పు తొమ్మిది అంగుళాలు, ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. దానిపై గోడలో కిటికీ మూల దాకా ఏటవాలుగా ఒక బీట పాకింది. రోహిణి కార్తెలో ఆ గోడబీటలో వేలిగోరు దూరుతుంది, డిసెంబరు వచ్చేసరికి దాదాపు కలిసిపోతుంది. మొదట వచ్చిన మేస్త్రి బీటలు తొలిచి, పూడ్చి, రంగు వేయడానికి 22,000 రూపాయలు అడిగారు. రెండో కాంట్రాక్టరు బీము పగుళ్లు 0.6 మి.మీ. ఉన్నాయని కొలిచి చెప్పి, ఎపాక్సీ (పగుళ్లలోకి ఎక్కిస్తే గట్టిపడి అతికించే జిగురు మందు) ఎక్కించడానికి అడుగుకు 1,500 చొప్పున మొత్తం 1,65,000 అన్నారు. మూడో సంస్థ ఎనిమిది స్తంభాల కిందా పునాదిని లోతుకు దింపాలని, స్తంభానికి 92,500 చొప్పున 7,40,000 రూపాయల అంచనా ఇచ్చింది. ఇవి చాలవన్నట్టు, వాస్తు చూసే ఆయన ఆగ్నేయంలో గోడకు పది అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు కొట్టేయమన్నారు. సంపు, వాననీటి ఇంకుడుగుంత ఈశాన్యంలోనే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. మావారు రిటైరయ్యారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, వేళచ్చేరి

సమాధానం: అమ్మా, ఆ ముగ్గురూ ఒకే పనికి మూడు ధరలు చెప్పలేదు, మూడు వేరు వేరు పనులకు ధరలు చెప్పారు. మొదటి ఆయన గోడ పైపైన బాగుచేస్తానన్నారు, రెండో ఆయన చిట్లిన కాంక్రీటును అతికిస్తానన్నారు, మూడో సంస్థ ఇంటి బరువును కదలని నేలమీదికి దింపుతానంది. వీటిలో మీ ఇంటికి ఏది కావాలో తేల్చే వాక్యం మీ లేఖలోనే ఉంది గాని, మీరు దాన్ని మాటవరసకు రాసినట్టున్నారు: ఎండలకు తెరుచుకున్న బీట వానలకు కలిసిపోతోంది. ఒక్కొక్కసారే వచ్చి చూసి వెళ్లిన ఆ ముగ్గురికీ ఈ సంగతి కనిపించే అవకాశం లేదు, మీరు చెప్పి ఉంటే తప్ప.

వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతంలో చాలాచోట్ల నేల చిత్తడి భూముల అంచున ఉన్న బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గుంటూరు వైపు నల్లరేగడి చేలలో వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చడం చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. అదే గుణం ఉన్న మట్టి మీద ఇల్లు కూర్చుంటే, మట్టి ముడుచుకున్నచోట పునాది కిందికి దిగుతుంది, ఉబ్బినచోట పైకి లేస్తుంది. ఇల్లంతా ఒకే రీతిగా లేచి దిగితే పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల మాత్రమే దిగినప్పుడు బీము చిట్లుతుంది, గోడ కిటికీ మూల నుంచి ఏటవాలుగా విచ్చుతుంది. చెన్నైకి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, మే నెలలో రోళ్లు పగిలే ఎండలు కాస్తాయి. మీ బీట నడక సరిగ్గా ఈ పంచాంగం ప్రకారమే ఉంది.

ఇప్పుడు మీ తూర్పు గోడను ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూడండి. ఆగ్నేయంలో వేపచెట్టు వేసవి పొడుగునా ఆ మూల మట్టిలోని తేమను పీల్చేస్తుంది. ఈశాన్యంలో సంపు, ఇంకుడుగుంత ఉన్నాయి; 2003లో తమిళనాడు ప్రభుత్వం వాననీటి సేకరణను తప్పనిసరి చేసినప్పుడు చెన్నైలో ఎంతోమంది హడావుడిగా గోడవారగానే గుంతలు తవ్వించారు, మీదీ ఆ ఏటి ఇల్లే. సంపు కారుతోందో లేదో తెలియదు గాని, కారుతూ ఉంటే మాత్రం ఒకే గోడకు ఒక కొస ఏడాది పొడుగునా తడిలో, మరో కొస మే నెలలో పిడచగట్టిన మట్టి మీద ఉన్నట్టు. ఇంతకంటె బీము మీద బరువు వేయగల ఏర్పాటు ఇంకొకటి లేదు.

కనుక మొదటి పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. రాత్రి సంపు నింపి, లోపలికి వచ్చే గొట్టమూ పైకి తోడే మోటారూ ఆపేసి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీయండి. మరునాడు అదే వేళకు చూడండి. సంపు ఆరడుగులకు అయిదడుగులు ఉందనుకుంటే, మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గినా దాదాపు 28 లీటర్లు నేలలోకి పోయినట్టు. నెలకు 800 లీటర్ల పైమాటే. ఆ నీరంతా మీ పునాది కిందికే పోతుందని నేను అనను, కాని పోయే దారిలో పునాది ఉంది.

రెండో పరీక్షకు కొన్ని వందల రూపాయలు అవుతాయి. గోడబీటకు అటొకటి ఇటొకటి చిన్న మరమేకులు బిగించి, వాటి మధ్య దూరాన్ని ప్రతి నెలా 1వ తేదీ ఉదయం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, ఇంట్లో పాలలెక్క రాసే పుస్తకంలో రాసి పెట్టండి. బీము పగుళ్లకు కూడా అలాగే చేయండి. పగులుకు అడ్డంగా పలుచని గాజుపట్టీ అతికించి అది పగిలిందో లేదో చూసే పాత పద్ధతి ఉంది గాని, గాజు పగిలితే పునాది కదిలిందని తెలుస్తుందే తప్ప ఎటు కదిలిందో, ఎంత కదిలిందో తెలియదు. ఈ మే నుంచి వచ్చే జనవరి దాకా కొలతలు ఉంటే, ఆ తరవాత ఎవరు అంచనా ఇచ్చినా ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడవచ్చు. వానాకాలంలో తలుపు బిగుసుకోవడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. తేమకు చెక్క కూడా ఉబ్బుతుంది.

ఇక అంచనాల సంగతి. రెండోదాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది, లేదా తమను తాము మోసం చేసుకునేది, ఇలాంటి మధ్యరకం అంకె దగ్గరే. మీ ఇంటి చుట్టుకొలత 110 అడుగులు. అడుగుకు 1,500 చొప్పున 1,65,000. అంటే పగుళ్లు మూడుచోట్ల ఉంటే ధర ఇంటి చుట్టూ తిరిగింది. ఆ మూడు పగుళ్లలో పట్టే మందు ఎంతో లెక్క వేయండి: బీము అడ్డకోత 450 మి.మీ. ఎత్తు, 230 మి.మీ. వెడల్పు, పగులు వెడల్పు 0.6 మి.మీ.; పూర్తిగా ఆరపార చిట్లిందనుకున్నా ఒక్కొక్క పగులుకు 62 మిల్లీలీటర్లు, మూడింటికీ కలిపి 186 మిల్లీలీటర్లు. వృథాతో కలిపి రెట్టింపు వేసుకున్నా అర లీటరు లోపు. తక్కిన డబ్బంతా మట్టి తవ్వి బీమును బయట పెట్టడానికి, పగులు వెంబడి మందు ఎక్కించే నాజిళ్లు బిగించడానికి, పైన పూత వేసి మూయడానికి, యంత్రం అద్దెకు, తెలిసిన పనివాడి రెండు మూడు రోజుల కూలికి. ఇవి న్యాయమైన ఖర్చులే, చెన్నైలో ఇవాళ తాపీమేస్త్రి (ఇక్కడివారి మాటలో కొత్తనారు) రోజు కూలి వెయ్యి రూపాయలు దాటింది. కాని వాటిని విడివిడిగా రాసి ఇవ్వమని అడగండి. నాజిల్‌కు ఇంత, తవ్వకానికి ఇంత అని రాసిచ్చిన అంచనాను పోల్చవచ్చు. ఇంటి చుట్టూ అడుగుకు ఇంత అన్నదాన్ని దేనితోనూ పోల్చలేం.

అయినా ఇప్పుడు ఆ పని చౌకగా దొరికినా చేయించవద్దనే నా సలహా. గట్టిపడిన ఎపాక్సీ కాంక్రీటు కంటె బలమైనది. కదలిక ఆగని పగులును దానితో పూడిస్తే, కదలిక ఆగదు, పక్కకు జరుగుతుంది. కొళత్తూరులో ఒక ఇంటికి మే నెలలో, అంటే పగులు బాగా విచ్చుకుని ఉన్నప్పుడు, ఎపాక్సీ ఎక్కించారు. పని శుభ్రంగానే చేశారు, నేను చూశాను. వానలకు మట్టి ఉబ్బి పగులు మూసుకోవాలని చూసింది, మందు అడ్డుపడింది. మరుసటి వేసవికి అతికిన గీత చెక్కుచెదరకుండా ఉంది, దానికి నాలుగు అంగుళాల పక్కన కొత్త పగులు వచ్చింది. యజమాని ఆ రెండు గీతలనూ నాకు చూపిస్తూ నవ్వారు గాని, అది నవ్వే విషయం కాదు.

పగుళ్లను అలాగే శాశ్వతంగా వదిలేయమని దీని అర్థం కాదు. మట్టిలోనో తడిలోనో ఉండే కాంక్రీటులో పగులు వెడల్పు 0.2 మి.మీ. మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతుంది. మీది అంతకు మూడు రెట్లు. ఆ సందులోంచి తేమ ఇనుప చువ్వలను చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పు ఇనుము కంటె రెండు మూడు రెట్లో అంతకంటె ఎక్కువో చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పెళ్లలుగా ఊడగొడుతుంది. బీము పొడుగునా చువ్వ వెంబడే అడ్డంగా సాగే గీత గాని, ఎర్రటి తుప్పుచార గాని కనిపిస్తే ఎపాక్సీ ఇంజెక్షన్ మాటే వద్దు. పెచ్చు తీసి, చువ్వ శుభ్రం చేసి, మైక్రో కాంక్రీటుతో (సన్నకంకర కలిపిన మరమ్మతు కాంక్రీటుతో) మళ్లీ కప్పే వేరే పని అది. మీకు అటువంటి గీతలు లేనట్టే రాశారు.

మూడో అంచనా మీద నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. ఆ సంస్థ చెప్పింది అబద్ధం కాదు. ఉబ్బే మట్టిలో పునాదిని ఋతువులతో తేమ మారని లోతుకు తీసుకువెళ్లడమే అసలైన మందు. కింది భాగంలో ఉల్లిపాయ బుడిపెలా వెడల్పు చేసి, నేలలోకి స్తంభంలా పోసే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించింది, లోతైన ఉబ్బుడు నేలల్లో అవి కనీసం 3.5 మీటర్లు దిగాలి. 2003లో మీ ఇల్లు అలా కట్టి ఉంటే ఈ లేఖ రాసే అవసరం ఉండేది కాదు. కాని కట్టేటప్పుడు పెట్టే ఖర్చు వేరు, పైన మనుషులు కాపురం ఉండగా స్తంభం కింద గొయ్యి తవ్వే ఖర్చు వేరు. నాలుగడుగుల చదరంలో అయిదడుగుల లోతు గొయ్యి అంటే రెండు ఘనమీటర్ల పైచిలుకు మట్టి; యంత్రం పట్టదు, మనిషే తవ్వాలి, పైన బరువుకు ఆధారాలు పెట్టాలి, పక్కపక్క గోతులు ఒకేసారి తవ్వకూడదు, ఒకదాంట్లో కాంక్రీటు గట్టిపడ్డాకనే తరవాతిది. 92,500లో సిమెంటు వాటా చిన్నది, జాగ్రత్త వాటా పెద్దది. అందుకే ఈ పనిలో చవకగా చేస్తానని వచ్చేవారిని చూస్తే నాకు ఎక్కువ భయం.

ఆగ్నేయ మూల రెండు స్తంభాలకే చేయిస్తే 1,85,000తో పోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఆ మూల స్థిరపడి, తక్కిన ఆరు స్తంభాలు మట్టితో పాటు లేస్తూ దిగుతూ ఉంటే, పగులు ఈసారి హాలు గోడకు మారవచ్చు. రెండా, ఎనిమిదా, అసలు అవసరమా అన్నది ఒక గొయ్యి తవ్వి ఫుటింగ్ (స్తంభం అడుగున ఉండే వెడల్పాటి కాంక్రీటు దిమ్మె) ఎంత లోతులో ఉందో చూసి, మట్టి పరీక్ష చేయించి, నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టి చెప్పవలసిన మాట. ఆ ఇంజనీరు పని చేసే కాంట్రాక్టరు తాలూకు మనిషి కాకూడదు. ఆయన ఫీజు విడిగా ఇవ్వడానికి వెనకాడకండి.

అందాకా చేయవలసినవి ఇవి. సంపు కారుతుంటే బాగుచేయించండి. డాబా నీరు దిగే గొట్టాలను పొడిగించి, ఇంకుడుగుంతను గోడకు కనీసం పది అడుగుల అవతలికి మార్చండి. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున, నాలుగు అంగుళాల మందాన, బయటికి వాలుగా కాంక్రీటు పట్టీ వేయించండి; మీ చుట్టుకొలతకు 3.75 ఘనమీటర్ల కాంక్రీటు, సుమారు పాతిక బస్తాల సిమెంటు పడుతుంది. దానికీ గోడకూ మధ్య సందును సిమెంటుతో కాక తారుతో మూయాలి, లేకపోతే మొదటి వేసవికే విడిపోతుంది. ఇవన్నీ కలిసి నా లెక్కలో లక్ష రూపాయలు దాటకూడదు, స్థలం ఇరుకైతే ఇంకా తగ్గుతుంది.

వేపచెట్టును అనుమానించడంలో వాస్తు చూసినాయన తప్పేమీ లేదు, విధించిన శిక్షే పెద్దది. ముదిరిన చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే అది ఇన్నాళ్లూ తాగుతున్న నీరంతా బంకమట్టిలో నిలిచిపోయి, ఆ మూల ఈసారి పైకి లేస్తుంది. మూడు నాలుగు ఏళ్లలో విడతలవారీగా కొమ్మలు తగ్గించండి. జనవరి కొలతల్లో కదలిక బాగా తగ్గినట్టు తేలితే, వచ్చే ఏడాది ఆ మూడు పగుళ్లకు మాత్రమే ఎపాక్సీ పట్టించి, చివరికి మొదటి మేస్త్రిని పిలిచి గోడ పని చేయించుకోవచ్చు. ఆయన అడిగిన 22,000 తప్పు ధర కాదు, ముందుగా వచ్చిన ధర.

ఇంతలో బీట అయిదు మిల్లీమీటర్లు దాటినా, స్తంభంలో పగులు కనిపించినా, నేల ఒక పక్కకు వాలినట్టు అనిపించినా, పక్క స్థలంలో లోతుగా తవ్వకం మొదలైనా ఈ ఆగి చూడటం మానేసి వెంటనే ఇంజనీరును పిలవండి.

ప్రశ్న: మేడవాక్కం దగ్గర నలభై విల్లాల ప్రాజెక్టులో ఇల్లు కొన్నాం. తాళాలిచ్చి రెండు సంవత్సరాల ఎనిమిది నెలలైంది. కింది అంతస్తు టైల్స్ గోడవారగా అర అంగుళం కుంగి, గోడ అడుగున పొడుగునా సందు ఏర్పడింది. బిల్డర్ ఇది సహజమైన కుంగుబాటు అంటూ, బాగుచేసే ఖర్చులో సగం మమ్మల్ని భరించమంటున్నారు. మాకు గృహబీమా కూడా ఉంది.
– ఒక పాఠకుడు, మేడవాక్కం

సమాధానం: సగం ఖర్చుకు ఒప్పుకోకండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలో గాని పనితనంలో గాని లోపం ఉందని కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డర్ అదనపు రుసుము లేకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరే హక్కు మీది. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనివో, ఎనిమిది ఇళ్లు మించనివో అయిన ప్రాజెక్టులకు నమోదు మినహాయింపు ఉంది గాని, నలభై విల్లాలకు ఆ ప్రశ్న రాదు. ఫోనులో కాదు, తేదీ వేసిన ఫోటోలతో ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. ఆ కాగితం లేకుండా రెరా గడప ఎక్కడం కష్టం.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇల్లు నిలిచిన నేల కుంగితే పరిహారం ఉంది. కాని కొత్త కట్టడం మామూలుగా కుదురుకోవడం, ఎత్తు పోసిన మట్టి దిగడం, నాసిరకం డిజైనూ పనితనమూ దానిలోంచి మినహాయించారు. మీకు జరిగింది దాదాపు మాటకు మాట ఆ మినహాయింపే.

పోతే, మీరు చెప్పిన లక్షణాలు పునాదివి కావేమో. బేస్‌మెంట్‌లో పోసిన మట్టిని పొరలు పొరలుగా నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టకపోతే, స్తంభాలు చెక్కుచెదరకుండా నిలిచినా గచ్చు మాత్రం దిగుతుంది. బీములోనూ పై గోడల్లోనూ పగుళ్లు లేకపోతే అదే జరిగిందనుకోవచ్చు. అప్పుడు టైల్స్ తీసి, మట్టి గట్టిచేసి, గచ్చు మళ్లీ వేయడమే పని. పునాది మరమ్మతు కంటె ఎన్నో రెట్లు తక్కువ. బిల్డర్ దీన్నే పునాది మరమ్మతుగా చూపి సగం అడుగుతున్నారేమో, అంచనా కాగితం తెప్పించుకుని చూడండి.

ప్రశ్న: పునాది మరమ్మతుకు బ్యాంకు నుంచి అప్పు తీసుకుంటే పన్ను మినహాయింపు వస్తుందా? కాంట్రాక్టరు బిల్లు మీద జీఎస్టీ 18 శాతం వేశారు, సరైనదేనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

సమాధానం: పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి, సొంతంగా నివసించే ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పు వడ్డీలో ఏడాదికి 30,000 రూపాయల వరకు మినహాయింపు ఉంటుంది, కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పుకు ఉండే రెండు లక్షల పరిమితి దీనికి వర్తించదు. బ్యాంకు ధ్రువపత్రంలో అప్పు దేనికోసమో సరిగ్గా రాయించుకోండి. నమోదైన కాంట్రాక్టరు అయితే 18 శాతం సరైనదే, బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉండి నమోదు చేసుకోని మేస్త్రి జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు ఇచ్చిన అంచనా మీ చేతిలో ఉంటే సిమెంటు ధర తిరిగి రాయమని అడగండి.